చెల్లెలి పసుపు మందారం

మా చెల్లెలు కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు ఉద్యోగానికి పోయి వచ్చేది. ఒకసారి అక్కడ పసుపు మందారం మొక్క కొని, రైలు రద్దీలో కొమ్మ విరగకుండా ఇంటికి తెచ్చుకుంది. అరచెయ్యంత పువ్వు, నడుమ ఎర్రటి కన్ను. పోయిన ఏడాది ఆమె జబ్బు చేసి కన్నుమూసింది. మేడమీది అద్దె ఇంటికి మారుతూ ఆమె భర్త ఆ కుండీని నాకిచ్చాడు. చెల్లెలి కూతురు, పదేళ్ల పిల్ల, గేటు దాకా వచ్చింది.

"పెద్దమ్మా, పువ్వు పూస్తే ఫోటో పంపీ. అమ్మ పువ్వు నేను సూడాల."

పంపిస్తానని దాని తలమీద చెయ్యి పెట్టి చెప్పాను.

మదనపల్లెకు వచ్చే బస్సులో కుండీని ఒళ్లోనే పెట్టుకున్నాను. పుంగనూరులో ఎక్కిన ఒక పెద్దామె పక్కన సర్దుకుంటూ, "ఏమ్మా, సంటిబిడ్డ మాదిరి పట్టుకోనుండావే, దీనికీ టికెట్టు కొట్టినారా?" అంది.

"అర టికెట్టు కూడా అడగలేదమ్మా" అన్నాను. చెల్లెలు పోయాక నేను నవ్వడం అదే మొదలు. ముక్కూ ముఖం తెలియని ఆ తల్లి చల్లగా ఉండాలని ఆ సాయంత్రం దీపం దగ్గర మొక్కుకున్నాను.

పెరట్లో ఎండ పడే చోట గుంత తీసి, పశువుల ఎరువు వేసి నాటాను. నెల తిరక్కుండానే ఆకులు రాలాయి. తెల్లగా పిండిపురుగు పట్టింది. వేపనూనె కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి ఒక్కో కొమ్మా తుడిచాను. పైకొమ్మలు ముడుచుకుపోతూనే ఉన్నాయి. అప్పుడొక ఉదయం, మన్నుకు బెత్తెడు పైన, మొక్క మొదలు దగ్గర పచ్చని చిగురు కనిపించింది.

నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే పూజ పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. దేవుడు ఇచ్చినదాన్ని వంక పెట్టకుండా రెండు చేతులా అందుకోమని కూడా ఆయనే నేర్పాడు. ఆ చిగురును నేను అలాగే అందుకున్నాను. ఒకటి మూడైంది, మూడూ కొమ్మలయ్యాయి. రోజూ నీళ్లు పోసి దండం పెట్టేదాన్ని. కింద ఇంత బలం వస్తే పైకీ పాకకపోతుందా అనుకున్నాను.

పువ్వు పూసింది. ఎర్రది. మా వీధిలో ప్రతి గోడ పక్కనా పూసే నాటు మందారం.

మొక్కల బండి తోసుకొచ్చే ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన వంగి చూసి, "ఇది అంటు మొక్కమ్మా. అడుగున ఉండేది నాటుది, దాని మీద పసుపుది కట్టినారు. కింద వచ్చే చిగురు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాల. యాల వదిలేసినావు? సారమంతా అదే తాగేసింది" అన్నాడు.

"ఇప్పుడు ఎర్ర కొమ్మలు కోసేస్తే?"

ఆయన పైకొమ్మను గోటితో గీరాడు. లోపల గోధుమరంగు. ఇంకొంచెం కిందికి గీరాడు. "పచ్చి లేదమ్మా ఇంగ" అని చెయ్యి దులుపుకున్నాడు.

మావారు ఇంకో పసుపు మొక్క తెచ్చి నాటుదామన్నారు. పిల్లకు తెలియదు కదా అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాకు మనసొప్పలేదు. ఆదివారం పిల్లకు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను.



"అమ్మ గిల్లతా ఉన్నింది కదా పెద్దమ్మా" అంది మెల్లగా. "ఆఫీసుకు పోయే ముందు, సెప్పులేసుకోని, వంగి గిల్లేది. నువ్వెప్పుడూ సూడలేదా?"

పండగకో పబ్బానికో పోయేదాన్ని. చెల్లెలు పనికి పోయే వేళ ఆ ఇంట్లో నేను ఒక్కరోజూ లేను. "లేదమ్మా" అన్నాను.

"ఎండిపోయినా పీకొద్దు. సెలవులకి వచ్చి సూస్తా" అని ఫోన్ వాళ్ల నాన్నకు ఇచ్చేసింది.

సెలవులు దగ్గరపడ్డాయి. ఎర్ర కొమ్మల మధ్య ఆ ఎండుపుల్ల అలాగే ఉంది. నేను ముట్టుకోలేదు. ఆ బిడ్డ వచ్చి దాన్ని గోటితో గీరి చూస్తుంది. నేను పక్కనే నిలబడాలి. ఆ కాసేపు నిలబడే ఓపిక ఇమ్మని మాత్రం దేవుణ్ణి అడుగుతున్నాను.