మైకు పరీక్షకు చదివిన మంగళం

ఏలూరులో ఒకనాటి రేడియో మరమ్మతుల దుకాణం రికార్డింగు గదిగా మారింది. ఆ ఇరుకుగదిలో మూడు రోజులపాటు పురాణపద్యాలు చదివాను. వినవలసినవారు ఒక్కరే. ఆయన తాడేపల్లిగూడెంలో ఉంటున్న నా మిత్రుడు, పాతికేళ్లు నాతో ఒకే బడిలో తెలుగు చెప్పినవారు. చూపు పోయి రెండేళ్లయింది. ఐదో రోజు ఉదయం ఆయనను గుండె ఆపరేషనుకు విజయవాడ తీసుకుపోతారు. “వెళ్లేలోగా మీ గొంతుతో ఆ యుద్ధఘట్టం ఒక్కసారి వినాలండీ” అని ఫోనులో అడిగారు. మాటిచ్చాను.

నాలుగో రోజు ఉదయం వెళ్లేసరికి గది యజమాని సాయిబుగారు పని ముగించి కూర్చున్నారు.

“మిక్సింగు అయిపోయిందండి మాస్టారూ. ఎక్స్‌పోర్ట్ కొట్టేస్తున్నా. ఇంక డిస్కెక్కించడమే.”

నా గొంతు ఒక గీతగా, తంబుర శ్రుతి మరొక గీతగా తెరమీద కనిపిస్తున్నాయి. అవి కలిసి ఒకే ఫైలు కావాలంటే ఆ పాత కంప్యూటరు పఠనమంతటినీ మొదటినుంచి ఒకసారి వినిపించుకుంటూ పోవాలట. గంట పఠనానికి గంట. పచ్చని పట్టీ ఒకటి ఎడమనుంచి కుడికి పాకుతుంటే, నా గొంతు నేనే వింటూ కునికిపాట్లు పడ్డాను.

చివరి పద్యం దగ్గర మెలకువ వచ్చింది. రాజు రథం మీదినుంచి నేలకూలాడు. అంతటితో పఠనం ఆగిపోయింది.

పురాణం చదివేవాడు మరణం దగ్గర పుస్తకం మూయరాదు. శుభఘట్టం వచ్చేదాకా చదవాలి. ఓపిక లేకుంటే ఒక మంగళపద్యమైనా చెప్పి లేవాలి. బడిలో ఉన్నంతకాలం పిల్లలకు నేర్పిన నియమమది. నిన్న సాయంత్రం అలసటకొద్దీ దానిని మరచి మైకు ముందునుంచి లేచిపోయినవాణ్ణి నేనే.

“ఇది పంపలేనండీ” అన్నాను. సంగతి చెప్పాను.

సాయిబుగారు నవ్వలేదు. “రేపు ఆపరేషనుకెళ్లే మనిషి చెవిలో అలా ఆపకూడదండి. ఓ పద్యం చెప్పేయండి, చివర అతికించేస్తా.”

కూర్చున్నాను. మొదటి పాదంలోనే గొంతు బొంగురుపోయి దగ్గు వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించి కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పన్నెండింటికి కరెంటు తీసేస్తారు.

“మొదటిరోజు మైకు చూడ్డానికి హలో హలో అనమన్నాను, గుర్తుందాండీ?”

“అన్నాను కాబోలు.”

“మీరా! హలో అనడానికి నోరు రాక పద్యం ఎత్తుకున్నారు. నా మైక్కి కూడా మంగళం పాడేశారనుకున్నానండి.”

“అది చెరిపేసి ఉంటారు.”

“మ్యూట్ చేసి ఉంచానండి. పెద్దాయన చదివింది చెరపబుద్ధి కాలేదు.”

తెర అడుగున ఒక చిన్నగీత బూడిదరంగులో ఉంది. దానిని జరిపి, రాజు కూలిన చోటికి కొంత ఎడంగా నిలిపి, మ్యూట్ తీశారు. పచ్చని పట్టీ మళ్లీ మొదటినుంచి బయలుదేరింది. ఈసారి వినే ఓపిక లేక కిటికీ దగ్గర చేరబడ్డాను. కొల్లేటి వైపునుంచి వీచే తేమగాలికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. డిస్కు చేతికి వచ్చిన కొద్దిసేపటికే ఫ్యాను ఆగింది.

మధ్యాహ్నపు ప్యాసింజరులో గూడెం చేరాను. మిత్రుడు మంచంమీద కూర్చుని కదలకుండా విన్నారు. రాజు కూలినప్పుడు ఆయన వేళ్లు మంచంపట్టెను పట్టుకున్నాయి. తరువాత మంగళపద్యం వినిపించింది. వేళ్లు వదులయ్యాయి.

“ఏవండీ, ఈ చివరి పద్యం వేరే రోజుది కదూ? అంతసేపు చదివిన గొంతు కాదిది.”

దాచలేకపోయాను.

“అక్కడ ఆపినందుకు మీరు ఓ కుర్రాణ్ణి పీరియడంతా బెంచీ ఎక్కించారు, మర్చిపోయారా!” అని చాలాసేపు నవ్వారు. తరువాత మెల్లగా, “ఇవాళ్టి గొంతుతో చెప్పండి” అన్నారు.

“గొంతు లేదండీ.”

“ఉన్నంతే చెప్పండి.”

రెండు పాదాలు చెప్పగలిగాను. మూడో పాదం ఎత్తుగడలో మాట పెగలలేదు. మిగిలిన రెండు పాదాలూ, చీకటి కళ్లు నావైపు తిప్పి, ఆయనే పూర్తి చేశారు.