మా పెళ్లికి అభ్యంతరం చెప్పిన కారు

మా పెళ్లికి ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. చెప్పింది ఒక కారు. దాన్ని బాగుచేసింది నేను. పెళ్లికొడుకుగా బయల్దేరి బ్రహ్మచారిగా తిరిగొచ్చే ప్రమాదం ఎలా ముంచుకొచ్చిందో వినండి.

యాభైల చివరి మాట. గుంటూరు పత్తి మిల్లులో స్టోర్ కీపరైన మామగారు పెళ్లిచూపుల్లో అడిగారు.

"పొలముందా అబ్బాయ్?"

"లేదండి. కరెంటు పని వచ్చండి."

నిజానికి అంతవరకు చర్చిలో ఒక బల్బు మార్చాను. అదీ ఇద్దరు కుర్చీ పట్టుకుంటే.

"నోరైతే ఉంది. పిల్ల ఊ అంది కాబట్టి ఇస్తున్నా. పనిలో తేడా కనబడిందా, చర్చిలోనైనా లేచి వద్దంటా," అన్నారు.

పెళ్లినాడు మా ఊరు ప్రత్తిపాడు నుంచి గుంటూరు చర్చికి మా పాస్టరు అయ్యగారి పాత కారులో బయల్దేరాం. ఆ కార్లకు తలుపు పక్క గూట్లోంచి చిన్న చెయ్యి లేచి, అందులో దీపం వెలిగి, ఎటు తిరుగుతామో చెప్పేది. ఈ కారు చేతులు మాత్రం, ప్రార్థన కూటంలో "సాక్ష్యం ఎవరు చెబుతారు?" అన్నప్పుడు మన చేతుల్లాగే, లేవవు. హారన్ ఏనాడో మూగనోము పట్టింది.

"చెయ్యి బయటపెట్టి పోదాం లేరా సామ్యేలూ," అన్నారు అయ్యగారు.

"మామగారి ముందు కారు చెయ్యెత్తకపోతే నా పరువేం కావాలండీ? ఆపండి."

"పెళ్లి బట్టలురా."

"విశ్వాసముంచండి అయ్యగారూ."

"ప్రభువు మీద ఉంచాను. నీ మీద ఉంచమని ఎక్కడా రాయలేదే."

డాష్‌బోర్డు కింద తల దూర్చాను. పక్కనుంచి మిరపకాయల బళ్లు పోతున్నాయి. తుమ్మినప్పుడల్లా ఒక తీగ ఊడి చేతికొచ్చింది. రంగులు కలిసినవాటిని కలిపాను, మిగిలినవాటికి వర్ణాంతర వివాహం చేశాను. టేపు లేక పెళ్లిదండ అరటినార తెంపి కట్టాను.

స్విచ్చి వేశాం. చెయ్యి లేచింది. దానితోపాటు హారన్ మోగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం మీరు విన్నారు. నా వైద్యానికి పోయిన నాలుక మొలిచి కేకలేసింది.

ఒక తీగను దూరంగా లాగి, నారతో కట్టేసి, హారన్ నోరు మూయించాను. చెయ్యీ పడుకుంది. ఇక గుంటూరు దాకా మలుపు మలుపుకీ కిటికీ బయట నా చెయ్యే. దారిన పోయే విశ్వాసులు దీవెన అనుకుని తలలు వంచారు.

చర్చి గేటులో మామగారు నా నల్లబడ్డ చొక్కా చూశారు.

"పని చేశావా?"

"చేశానండి."

"ఊ."

అంతకుముందు మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివితే ఎవరూ నోరెత్తలేదు. అయినా ఆనవాయితీ కదా, అయ్యగారు అడిగారు.

"ఈ వివాహానికి అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పాలి."

బయట ఎండకు అరటినార ఎండి కట్టు వదిలింది, తీగ వెనక్కెళ్లి మళ్లీ తగులుకుంది.

భోంయ్‌మని మొదలైంది, ఆగలేదు. కిటికీలోంచి చూస్తే కారు చెయ్యి కూడా ఎత్తి ఉంది, అనుమతి అడిగి మరీ మాట్లాడుతున్నట్టు.

అయ్యగారు పుస్తకం మూశారు. సంఘమంతా మామగారి వైపు తిరిగింది. ఆయన లేచారు. నా ప్రాణం కూర్చుంది.

"అది అభ్యంతరం కాదండి అయ్యగారూ. మా అల్లుడి పనితనం. కానివ్వండి."

ముసుగులోంచి పెళ్లికూతురు గొణిగింది. "దాన్ని పూర్తిగా చెప్పనివ్వండి. ఏం తెలుసో ఏమో."

బ్యాటరీ అయిపోయాకే మేము భార్యాభర్తలమయ్యాం.

అక్కడే, బలిపీఠం ముందే, పెళ్లి ప్రమాణం వెనకే మరో ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ కరెంటు తీగ ముట్టినా నా చెయ్యి ఆ కారు చెయ్యిలాగే బిగుసుకుపోవును గాక, ఆమేన్. మొదటి ప్రమాణం ఎలా నిలబెట్టానో మా ఆవిణ్ణి అడగండి. రెండోదానికి ఆవిడే కాపలా. ఇంట్లో నేను బల్బు వైపు చూస్తే చాలు, కూరగిన్నె దించి, గదంతా కలియజూసి అడుగుతుంది.

"అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పాలి."