పూజలో పెట్టిన లైసెన్సు

మా పావగడ వైపు ఆ రోజుల్లో డ్రైవరు లైసెన్సు డ్రైవరు జేబులో ఉండేది కాదు, సావుకారు ఇనప్పెట్టెలో ఉండేది. వేరుశనగ సీజను మొదలవుతుందనగా మిల్లు సావుకారు మా లైసెన్సు పుస్తకాలు అడిగి తీసుకుని పెట్టెలో పడేసి తాళం వేసేవాడు. సీజను నడుమ మేము ఇంకో మిల్లుకు పోకుండా అది మా మెడకు పలుపు. దారిలో పోలీసులు ఆపితే సావుకారు పేరు చెప్తే వదిలేసేవాళ్లు. అందరూ ఇచ్చేవాళ్లు, నేనూ ఇచ్చాను. ఆ తెలివితక్కువ పనికి నన్ను నేనే ఇంతవరకూ క్షమించుకోలేదు. ఇక సావుకారును ఎట్లా క్షమిస్తాను?

నాది నాగలమడిక దగ్గర పల్లె. నిండు లోడుతో లారీని ఏటి ఇసుకలో దిగబడకుండా దాటించేవాళ్లు మా చుట్టుపక్కల ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. అందులో నేనొకణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగినదానికంతా కారణం అదే కాబట్టి చెబుతున్నాను.

ఒక ఏడు దసరాకు ముందు నాకు సర్కారీ బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఖాకీ బట్టలు, నెలజీతం, వాన పడినా పడకపోయినా ఇంట్లో అన్నం. వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోతుంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. చిక్కల్లా ఒకటే. నా లైసెన్సు గడువు ఆ నెలలోనే తీరిపోతుంది. ఇంటర్వ్యూలోగా తుమకూరు ఆఫీసుకు వెళ్లి రెన్యూవలు చేయించుకోవాలి.

కార్డు సంగతి చెప్పి సావుకారును పుస్తకం అడిగాను. చెప్పకుండా అడగాల్సింది.

“ఆయుధ పూజకని పెట్టెను పూజలో పెట్టినామప్పా. పూజలో పెట్టిన వస్తువు నడుమ తీయకూడదు,” అన్నాడు.

“పూజ ఎప్పుడు అయిపోతాది సామీ?”

“మంచిరోజు చూసి తీస్తా. తొందరేముండాది?”

పండగ అయిన అయిదో రోజుకు ఆ మంచిరోజు వచ్చింది. పెట్టె తెరిచి, కాగితాలన్నీ వసారాలోకి తెచ్చి నా కళ్లముందే చాప మీద పోసి, తిరగేసి మరగేసి వెతికాడు. చివరికి, “యాడ పోయిందో ఏమో, కనపడలేదప్పా. అసలు నువ్వు ఇచ్చింటివా?” అన్నాడు. ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. కానీ సావుకారు దగ్గర ఎదురు మాట్లాడే అలవాటు మాకెవరికీ లేదు.

మరునాడే తుమకూరు పోయాను. కిటికీ వెనక గుమాస్తా “హళే పుస్తక ఎల్లి?” అని అడిగాడు. పాత పుస్తకం పోయిందన్నాను. అయితే పోయిందని పోలీసు స్టేషనులో రాయించుకుని రా, నకలుకు అర్జీ పెట్టు, నకలు వచ్చాకే రెన్యూవలు అన్నాడు. ఆయన తప్పేం లేదు, పద్ధతి అది. పావగడకూ తుమకూరుకూ నాలుగుసార్లు తిరిగాను. కొత్త పుస్తకం చేతికొచ్చేసరికి ఇంటర్వ్యూ అయిపోయి నెల దాటింది.

ఇంటర్వ్యూ రోజు ఊరికే ఉండలేక కార్డు పట్టుకుని వెళ్లాను కూడా. గేటు దగ్గరే లైసెన్సు అడిగారు. లేదంటే పక్కకు నిలబడమన్నారు. నా వెనక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోతుంటే మధ్యాహ్నం దాకా గోడ నీడన నిలబడి తిరిగొచ్చాను. నా భార్య అప్పటికే తుమకూరులో బాడుగ ఇంటి గురించి మాట్లాడుతూ ఉండేది. ఆ మాటలు ఆపమని చెప్పడానికి రెండు రోజులు నాకు నోరు రాలేదు.

మళ్లీ అదే లారీ ఎక్కాను. కరువు కాలంలో ఇంకెక్కడికి పోతాను? కొత్త పుస్తకం మాత్రం సావుకారుకు ఇవ్వలేదు. అడిగితే, “మళ్లీ పోతే కష్టం సామీ,” అన్నాను. ఆయనకు మొలల బాధ ఉండేది. ఆయన లారీలో నా పక్కన కూర్చున్న రోజు దారిలో ఒక్క గుంతను కూడా నేను వదల్లేదు. పుస్తకం ఆయనే దాచాడని అప్పటికి నా దగ్గర ఉన్నది అనుమానమే.

మూడో ఏటి ఆయుధ పూజకు సావుకారు జ్వరంతో పడుకున్నాడు. పెట్టెను గడప దాకా జరపమని ఆయన భార్య నన్ను లోపలికి పిలిచింది. అన్నేళ్లలో నేను ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదలు. ఆమె పెట్టె తెరిచి, లోపలివన్నీ పీట మీద పేర్చి ఒక్కొక్కదానికే బొట్టు పెడుతోంది. అందులో ఒక చిన్న పుస్తకం మీద కుంకుమ అట్ట కట్టి ఉంది. మూలన గ్రీజు మరక చూసి నా లైసెన్సని గుర్తుపట్టాను.

“అదేందమ్మా?” అన్నాను.

“లారీ పుస్తకమంట నాయనా. ఇది ఇల్లు దాటితే లారీ కూడా దాటిపోతాదంట. బద్రంగా పెట్టమన్నాడు. మూడేండ్లుగా నేనే బొట్టు పెడతా ఉండా.”

ఆమెకు చదువు రాదు. పుస్తకం తెరిచి ఫోటో మీద కూడా బొట్టు పెట్టింది. కుంకుమ కింద నా ముఖం ఎప్పుడో పోయింది, చెవులు రెండే కనపడుతున్నాయి. నా బతుకు మీద మన్ను పోసి, దానికి ఏటేటా హారతి కూడా ఇస్తున్నారు.

ఆ పుస్తకం నేను తీసుకోలేదు. తీసుకుంటే, “అరె, దొరికిందా” అని ఒక్క నవ్వుతో సావుకారు తప్పించుకుంటాడు. ఉండనీ అక్కడే అనుకున్నాను. ప్రసాదం తిని, నోరు మూసుకుని బయటికి వచ్చాను. సీజను అయిపోగానే పని మానేసి ఒక ప్రైవేటు బస్సులో చేరాను.

ఆ తరువాత నాలుగేళ్లు గడిచాయి. నడుమ రెండేళ్లు వానలే లేవు. మిల్లు దాదాపు మూతబడింది. నాలుగో ఏడు కాస్త వాన పదును తగిలి అందరి చేన్లతో పాటు మా చేన్లోనూ కాయ కాసింది. ఆయుధ పూజ మరునాడు నేను అరుగు మీద కూర్చుని ఉంటే సావుకారు వచ్చి ముందర నిలబడ్డాడు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు.

“లోడు నిండి మిల్లు ముందర ఉండాదప్పా. డ్రైవరు పండక్కి పోయి రాలేదు. ఆకాశమంతా మోడం కమ్ముకొనింది, లోడు మీద కప్పే టార్పాలు చూస్తే చినిగిపోయింది. చళ్లకెరె మార్కెట్టు దాకా నువ్వు తోలితే చాలు.”

నా లైసెన్సు చొక్కా జేబులోనే ఉంది. దాని అంచు బయటికి కనపడుతోంది కూడా.

“లైసెన్సు పూజలో పెట్టినాను సామీ,” అన్నాను. “పూజలో పెట్టిన వస్తువు నడుమ తీయకూడదు.”

ఆయన నా జేబు వైపు చూశాడు. “పూజ ఎప్పుడు అయిపోతాది?” అన్నాడు, మెల్లగా.

“మంచిరోజు చూసి తీస్తా.”

 “నీ పుస్తకం మా పెట్టెలోనే ఉండాది,” అన్నాడు.

“తెలుసు సామీ. అమ్మ బొట్టు పెడతా ఉంటే చూసినాను.”

తప్పయిందని ఆయన అనలేదు. అన్నా నేను పోయేవాణ్ణి కాదు. తాగడానికి నీళ్లు అడిగితే ఇచ్చాను. తాగి, చెంబు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం కాకముందే వాన పట్టుకుంది. ఏటికి అవతల పావగడ వైపంతా నల్లగా దిగింది. మిల్లు ముందర బస్తాలు ఎట్లా నానుతున్నాయో ఊహించుకుని నవ్వుకుంటూ అరుగు మీదే కూర్చున్నాను. నా భార్య లోపలి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

“ఈడ కూర్చొని నగుతా ఉండావా? మన చెట్లు పీకి చేన్లోనే పరిచి ఉండాయి గదా!”

నిజంగా మరిచిపోయాను. ముందు రోజే నేనూ తనూ కలిసి పీకి ఆరబెట్టిన వేరుశనగ చెట్లు. పొద్దున్నుంచి మబ్బు చూస్తున్నా, నాకు సావుకారు లారీ తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. ఇద్దరం పరిగెత్తి, మోకాలిలోతు బురదలో చెట్లు ఎత్తి కుప్ప వేశాం. రెండేళ్ల తరువాత చేతికొచ్చిన కాపు సగానికి సగం నల్లబడింది. కుప్ప వేస్తూ నా భార్య ఏడ్చింది, నాకూ ఏడుపు వచ్చింది. అయినా ఆ ఏడుపులోనే, అక్కడ ఆయన బస్తాలు కూడా తడుస్తున్నాయి కదా అని తలుచుకుని సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?