అన్సెల్మో పళ్ళెంలో గ్రహాలు

హెర్మిందాకు ఒక్కటే అలవాటు: ఎదుటివాళ్ళ పళ్ళెంలోంచి తినేది లాక్కోనిదే ఆకాశం గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

వికూన్యా ఊరి బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆదివారం టీ వేళకు ఆమె చెల్లెలు ఒతిలియా ఇంటికి వచ్చి, పంచదార డబ్బాకు ఫోను ఆనించి, లైవ్ మొదలుపెట్టేది. చూసేవాళ్ళు దేశానికి ఉత్తరాన ఎడారి కొస నుంచి దక్షిణాన మంచు కొస దాకా ఉన్నారు. గ్రహాలు సరఫరా చేసే భారం మాత్రం చెల్లెలి మొగుడు అన్సెల్మోది.

అతనికి అది అసలే గడ్డుకాలం. సెప్టెంబరు ఉత్సవాల్లో చౌరస్తాలో రుమాలు తిప్పుతూ క్వేకా నాట్యం ఆడే అతను కాలు నేలకేసి కొడితే దుమ్ము లేచేది. అలాంటివాడి కుడికాలి బొటనవేలికి పుండు పడింది. "చక్కెర దిగకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు," అంది డాక్టరు. అన్సెల్మో భయపడ్డాడు. భయం వేస్తే తీపి తినడం అతని స్వభావం.

"ఇదే ఆఖరిది, ఒట్టు," అని పెళ్ళానికి చెప్పి, పాలకోవాలాంటి మన్హార్ కూరిన అల్ఫహోర్ బిస్కెట్టును నోటి దాకా తెచ్చుకున్నాడు. అక్కడికి హెర్మిందా చెయ్యి వచ్చింది.

"ఇది భూమి," అంది ఫోనుతో. "ఈ ద్రాక్షపండు చంద్రుడు. ఇద్దరి మధ్యా ఎంత ఎడం? ఇలాంటి భూములు ముప్పై వరసగా పేర్చినంత. అంటే, బల్లకు ఆ చివర."

"వదినా, ఆ భూమి నాది!"

"భూమి అందరిదీ, మరిదీ."

మరో వారం అతని కేకు మీదికి అక్రోటుకాయలు జారవిడిచి, ఉల్కలు పడితే గుంతలెలా ఏర్పడతాయో చూపించింది. గుంతలు శాస్త్రోక్తంగా వచ్చాయి. కేకు మాత్రం గోడకూ, మేజాగుడ్డకూ, అన్సెల్మో మీసానికీ సమంగా పంపిణీ అయింది. అతను నాలుక చాచేలోపే ఆమె రుమాలుతో మీసం తుడిచేసింది.

"అదైనా వదలవా?"

"ఉల్కాశకలాలు పరిశోధనకు అవసరం."

'అన్సెల్మో బాబాయికి అల్ఫహోర్ ఇవ్వండి!' అని ప్రేక్షకులు ఉద్యమం లేవదీశారు. వాల్దివియా నుంచి ఒకావిడ జాలిపడి పెట్టెడు పంపింది. ఆ పెట్టె మొత్తం సౌరకుటుంబానికి సరిపోయింది.

అన్సెల్మోకు సహనం నశించింది. "మా వదిన నా మీద కక్ష కట్టింది. రుజువు చేస్తాను," అని లైవ్‌లోనే ప్రకటించాడు.

"చెయ్యి. కానీ ఒకసారికి ఒక్కటే మార్చు. లేకపోతే అది ప్రయోగం కాదు," అంది హెర్మిందా.

మొదటి ఆదివారం కుర్చీ మార్చి, ఫోనుకు దూరంగా మూల కూర్చున్నాడు. ఆమె బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి మరీ అల్ఫహోర్ తెచ్చుకుంది. అది కుజుడైంది.

రెండో ఆదివారం అదే మూల, అదే కుర్చీ. పళ్ళెంలో మాత్రం అవకాడో పూసిన గుండ్రటి రొట్టె. పక్కనే ఒతిలియా పళ్ళెంలో అల్ఫహోర్. హెర్మిందా రెంటినీ చూసింది. దేన్నీ ముట్టలేదు.

"ఇవాళ మబ్బు పట్టింది. మబ్బుల గురించి చెప్పుకుందాం," అంది.

ఒతిలియా తన అల్ఫహోర్ నింపాదిగా తినేసింది. ఎవరూ లాక్కోలేదు. తెర మీద ఎవరో రాశారు: 'బాబాయ్, ఫలితం ప్రకటించండి.'

అన్సెల్మో చాలాసేపు రొట్టె నమిలాడు.

"కక్ష నా మీద కాదు, నా చక్కెర మీద," అన్నాడు చివరికి.

"ప్రయోగం పద్ధతిగా చేశాడు," అంది హెర్మిందా ప్రేక్షకులతో, అతని వంక చూడకుండా.

ఆ తర్వాత రొట్టె అతనే అడిగి పెట్టించుకున్నాడు. ఆగస్టులో చక్కెర దిగింది. పుండు మానింది. సెప్టెంబరులో చౌరస్తా నిండా జనం, తెర మీద అంతకు పదింతలు. అన్సెల్మో రుమాలు తిప్పుతూ దిగాడు. దుమ్ము లేచింది.

"చేతులు ఒంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు, అందుకే గిర్రున తిరుగుతున్నాడు," అని ఫోను పట్టుకుని వివరించింది హెర్మిందా. గొంతు కాస్త పెంచి, "కుడికాలి వేళ్ళు లెక్కపెట్టుకోండి. ఐదూ ఉన్నాయి!" అని కూడా అంది.

చప్పట్ల మధ్య అతను చెమటలు కక్కుతూ వచ్చి కూలబడ్డాడు. ఆమె సంచీలోంచి అల్ఫహోర్ తీసి, తానే గుండ్రంగా కొరికి, మిగిలిన నెలవంక అతని చేతిలో పెట్టింది.

అన్సెల్మో దాన్ని ఆకాశానికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"వదినా, ఇది పెరిగే చంద్రుడా, తరిగే చంద్రుడా?"

"వచ్చే నెల నీ చక్కెర రిపోర్టు చూసి చెబుతాను."