మేడం కారులో మేం వెతికిన లోపం

మా మేడం పోయారన్న కబురు వచ్చేసరికి ఆమె కారు బానెట్ మా ముందే తెరిచి ఉంది. మా క్లాసు నరేష్ చేతిలో మీటరు, నా చేతిలో టార్చిలైటు. ఆఫీసు నుంచి అటెండరన్న వచ్చి, "మీ మేడం ఇగ లేదంట. పొద్దుగాల ఇంట్లనే కూలబడ్డదట. గుండె ఆగిందట" అన్నాడు. నరేష్ మీటరు మీద నుంచి చూపు తిప్పకుండానే, "అన్నా, గిది గూడ మేడం పెట్టిన టెస్టేనా?" అన్నాడు. అటెండరన్న తల అడ్డంగా ఊపాడు. నరేష్ మీటరు నేల మీద పెట్టేసి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

నరేష్ అలా ఎందుకన్నాడో అర్థం కావాలంటే మా మేడం ఎలాంటి టీచరో తెలియాలి. మా ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చెప్పేవారు. క్లాసుకు ముందే వచ్చి వర్క్‌షాపు ఇంజన్లలో తప్పులు దాచేవారు. టెర్మినల్‌కు రంగులేని గోళ్ళ పాలిష్ పూసేవారు. పై తొడుగు చెక్కుచెదరకుండా లోపలి తీగను మాత్రం తెంపేవారు. మేం అడిగితే అమాయకంగా మొహం పెట్టి, "నాకేం తెలుసు? మీరే చూసి నాకు చెప్పుండ్రి" అనేవారు. ఆమెకు తెలుసని మాకు తెలుసు. రెండేళ్ళు ఆ ఆట మాకు అన్నం తిన్నంత అలవాటైపోయింది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పనిముట్టు ముట్టుకునే ముందు ఇంజన్ చప్పుడును మాటల్లో చెప్పాలి. "ముందు మాట, తర్వాత పానా" అనేవారు. మొదటిసారి ఇంజన్ దడ, అదే నాక్ చప్పుడు, వినిపించినప్పుడు నేను "టకటక అంటుంది మేడం" అన్నాను.

"గడియారం గూడ టకటకే అంటదే. ఇదేమన్న గడియారమా? మంచిగ విను."

మళ్ళీ విన్నాను. "రేకుడబ్బాల గులకరాళ్ళు పోసి ఊపినట్టు."

"అవ్! గిప్పుడు పట్టినవ్. గది రాస్కో."

ఆ రోజు నుంచి వినిపించినవన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. బస్సు బ్రేకులు, వాన మొదలయ్యే ముందు రేకుల కప్పు, హాస్టల్ బోరింగు. మాటలంటే నాకు పిచ్చి పట్టించింది ఒక మోటారు టీచరని చెబితే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. మీ కోయ భాషలో ఇంజన్‌ను ఏమంటారని ఒకసారి మేడంను అడిగాను. "ఇంజన్‌కు మాట లేదు గానీ చప్పుళ్ళకు మస్తున్నయి, మా ఊరికి రా చెప్త" అన్నారు. నేను వెళ్ళలేదు. అడవిలోని ఆ ఊరి దాకా ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళవచ్చులే అనుకున్నాను.

పోవడానికి కొన్నాళ్ళ ముందు, ముసురు పట్టిన రోజుల్లో ఆమె సొంత కారును వర్క్‌షాపు ముందు నిలిపారు. డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతోంది. "దుమ్ముగూడెం దాటినంక మా ఊరి గుట్ట ఎక్కుతలేదు. ఎందుకో నాకు తెలుస్తలేదు. జర చూడుండ్రి" అన్నారు. మేమంతా నవ్వాం.

స్కానర్ పెడితే నాక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం అని వచ్చింది. ఇంజన్ లోపలి దడను విని కారు కంప్యూటర్‌కు చెప్పే చెవి అది. ఆ చెవి పనిచేయకపోతే కంప్యూటర్ భయపడి స్పార్కును వెనక్కి జరుపుతుంది, అంటే కాస్త ఆలస్యంగా వేస్తుంది. బండికి దెబ్బ తగలదు గానీ బలం తగ్గుతుంది. సెన్సార్ మార్చి చూశానని, అయినా లైటు మళ్ళీ వచ్చిందని మేడం చెప్పారు. కొత్త సెన్సార్ కూడా కొన్నారంటే ఈసారి పరీక్ష ఎంత గట్టిదో అనుకుని మేం జట్లుగా విడిపోయాం. ఒక జట్టు చూసింది ఇంకో జట్టుకు చెప్పేది కాదు. మేడం మధ్యలో వచ్చి అడిగేవారు.

"ఏమన్న తెలిసిందానే?"

"మీకు తెల్వదా ఏంది మేడం!"

ఆమె నవ్వి ఊరుకునేవారు. సాయంత్రం గొడుగు వేసుకుని బస్టాండుకు నడిచి వెళ్ళేవారు. ఆ నవ్వు ఏమిటన్నది నాకు ఇప్పుడు పెద్ద చిక్కుముడి.

మేడం పోయాక కొన్నాళ్ళకు ఆమె తమ్ముడు కారు కోసం వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "రేపు అక్క దినం. బియ్యం, సామాను, నడవలేని మా చిన్నమ్మ, అంత గీ బండిలనే తీస్కపోవాలె. వానకు మా దిక్కు ఆటోలు వస్తలేవు. బండి గుట్ట ఎక్కుతదా?" అని అడిగాడు.

"మేడం పెట్టిన తప్పు దొరికితే జల్దీ అయిపోతది అన్నా" అన్నాడు నరేష్.

"అక్క పెట్టిందా? ఆమె బండికి ఆమెనే ఎందుకు పెడ్తది?"

ముందు ఆమె ఎత్తులన్నీ వెతికాం. టెర్మినల్ గీకి చూశాం, పాలిష్ లేదు. కనెక్టర్ లోపల అట్టముక్క లేదు. పిన్ను వంగలేదు. అప్పుడిక జట్లు పక్కన పెట్టి, పుస్తకంలో ఉన్నట్టు మొదటి నుంచి మొదలుపెట్టాం. సెన్సార్ పక్కన ఇంజన్ దిమ్మెను పానాతో మెల్లగా తట్టాను. సెన్సార్ దగ్గర మీటరులో అంకె కదిలింది. అంటే చెవి బాగానే ఉంది. కనెక్టర్ మళ్ళీ తగిలించి తీగ రెండో కొస దగ్గర, కంప్యూటర్ వైపు, చూస్తే అంకె కదలలేదు. తేడా మధ్యలో ఎక్కడో ఉంది.

తీగ వెంట చేతితో తడుముతూ పోతే గాలి గొట్టం కింద కొత్త టేపు చుట్ట తగిలింది. టేపు కొసను లోపలికి మడిచి, పట్టుకుని లాగడానికి వీలుగా వదిలారు. తర్వాత విప్పేవాళ్ళు గోళ్ళతో గీక్కోకూడదని మేడం ఒక్కరే అలా మడుస్తారు. "దొరికింది!" అని నరేష్ అరిచాడు. విప్పాను. లోపల తీగ శుభ్రంగా ఉంది. తొడుగు మీద సన్నని కోత ఒకటి, తీగను చూసి మళ్ళీ మూసినట్టు.

అక్కడి నుంచి జానెడు దూరంలో, బ్యాటరీ వెనక, తీగ కొరికి ఉంది. రెండు పోగులు మాత్రం మిగిలాయి. పక్కనే పీచు, చిరిగిన గోనె, ఎండిన ఇప్పపువ్వు పోగుచేసిన గూడు.

తమ్ముడు వంగి చూసి తల పట్టుకున్నాడు. "ఎలుక! ఇప్పపువ్వు మూటలు పెట్టే కొట్టంల బండి పెట్టొద్దంటే ఇన్నదా? 'ఎండకు రంగు పోతదిరా' అనేది. రంగు మీద గంత పావురం, గంత ప్రేమ మా అక్కకు" అని నవ్వబోయి ఏడ్చాడు.

నేను ఆ విప్పిన టేపును చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఆమె కూడా వెతికారు. మాలాగే వెతికి, జానెడు ఇవతల ఆగిపోయి, మమ్మల్ని అడిగారు. తెలియదని ఆమె చెప్పిన మాటల్లో నిజమైనది అదొక్కటే అయి ఉండవచ్చు. నిజంగానే అడుగుతున్నా అని ఒకసారి గట్టిగా ఎందుకు అనలేదో నాకు తెలియదు. అంటే మేం భయపడతామనుకున్నారో, మేం వెతుకుతుంటే చూడటం బాగుండిందో, లేక మాకే వదిలేస్తే దొరుకుతుందని నమ్మారో! ఒక్కో రోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది. మాటల కోసం ఇంత వెతికే నాకు ఆ నవ్వుకు మాట దొరకడం లేదు.

తీగలు టంకం వేసి అతికాం. డాష్‌బోర్డు మీది లైటు ఆరిపోయింది. తమ్ముడు నరేష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రైల్వే వంతెన ఎక్కించి తెచ్చాడు. "ఎక్కుతున్నది" అన్నాడు. నరేష్‌ను దింపి, మాకు దండం పెట్టి, భద్రాచలం వైపు వెళ్ళిపోయాడు.

రాత్రంతా కురిసిన వానకు నేలంతా తడిసి ఉంది. ఇన్నాళ్ళూ కారు నిలిచిన చోట మాత్రం పొడి మట్టి, నాలుగు మూలలతో, కారంత. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. వర్క్‌షాపులోకి పోవడానికి అదే దగ్గర దారి. అయినా అందరం చుట్టూ తిరిగి, అంచు వెంబడి నడిచాం. పొడి మట్టి మీద ఒక్కో చినుకూ విడివిడిగా మచ్చ పెడుతోంది.