సగం లేచిన గుండె

సాయంత్రం నాలుగుంబావుకు పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. నేను తుడుస్తుంటే పక్కగదిలోంచి మా ఆయన పుస్తకం చదివి చెబుతున్నారు. ఆయన నిడదవోలులో బయోకెమిస్ట్రీ లెక్చరర్. అప్పటికి గుండెపోటు వచ్చి నెల. గుండెలో ఒక పక్క కండ కదలడం లేదు. అది చచ్చిందో నిద్రపోయిందో, సన్నబడ్డ రక్తనాళం తెరిచాకే తెలుస్తుందని డాక్టరుగారు అన్నారు. నిద్రే అని ఈయన. నాకూ అదే కావాలి.

"ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణం ఒక ప్రొటీన్‌ని తయారుచేస్తూనే విరిచేస్తుంటుంది. ఆక్సిజన్ తగ్గితే విరవదు. అది కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని లేపుతుంది. అప్పుడు కణం కొవ్వు కాల్చడం తగ్గించి చక్కెరతో సరిపెట్టుకుంటుంది. పని తగ్గించుకుని బతికుంటుంది."

"కణాలకున్న బుద్ధి మీకు లేదండి. పేపర్లు దిద్దడం మానమంటే మానరు."

"వాటికి ప్రిన్సిపాల్ లేడుగా."

అది ఎండాకాలం. ఏటా లాగే కాలవలకు నీళ్లు కట్టేశారు. ఆయనది కోనసీమ. మళ్లీ కాలవ వదిలినప్పుడు మొదటి నీళ్లు కుళ్లంతా మోసుకొస్తాయి. నీరు తేటపడేదాకా వాళ్ల ఊళ్లో మంచినీళ్ల చెరువు తూము తీయరని గుర్తుచేశారు.

"ఇదీ అంతే. ఆకలిమీదున్న కణానికి ఆక్సిజన్ ఒక్కసారిగా వస్తే తట్టుకోలేదు. లోపలే విషం పుడుతుంది, కాల్షియం తోసుకొస్తుంది. కొన్ని కణాలు అప్పుడే పోతాయి."

"చెరువుకైతే తూము మూస్తారు. గుండెకేం మూస్తారండీ?"

ఆయన పుస్తకం మూశారు. "అది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. కాఫీ ఇస్తావా?"

విశాఖపట్నంలో రక్తనాళం తెరిచారు. వానలు పడ్డాక మళ్లీ స్కాన్ తీస్తే, కదలని చోట సగం కదిలింది. మిగతా సగం చచ్చిందన్నారు. తెరిచినప్పుడు పోయిందో, అంతకుముందే పోయిందో చెప్పలేమన్నారు.

ఆ సగంతోనే కొన్నేళ్లు గడిచాయి. సాయంత్రాలు కాలవగట్టు మీద నడిచేవాళ్లం. ఆయాసం వస్తే ఆయన బాతుల్ని చూసే నెపంతో ఆగేవారు. నేనూ చూసేదాన్ని.

ఆయన పోయాక, ఆక్సిజన్ తిరిగొచ్చినప్పుడు కణాలు పోవడం మీద శాస్త్రవేత్తలు చాలా రాశారు. దొరికినవి చదివాను. ఆయనుంటే అడగాల్సినవి ప్రతి పేజీలోనూ ఉన్నాయి.

ఇప్పుడు కాలవగట్టు మీదకు నడకకు వెళ్లడం లేదు.