ఈరన్న తండ్రి ముఖం

పద్దెనిమిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆదోనిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఈరన్న నాకంటే పెద్దవాడు, స్నేహితుడు. అతను తల్లి కడుపులో ఉండగానే తండ్రి పటాలంలో లారీ డ్రైవరుగా రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి, తిరిగి రాలేదు. ఎడారి నుంచి ఆయన పంపిన ఏడు ఫోటోలు మాత్రం మిగిలాయి. అన్నింటిలోనూ ఇసుకలో వదిలేసిన మిలటరీ లారీలే. ఒక్కదానిలో, చక్రాలు లేని లారీ పక్కన ఆయనే నిలబడి ఉన్నాడు. ముఖం కందిగింజంత.

అవి ఏ దేశపు లారీలో చూసి చెప్పమని ఈరన్న నాకిచ్చాడు. భూతద్దం పెట్టి రోజుల తరబడి చూశాను. ఆ ముఖం మీద ఏదో మరక. ఇంకా బాగా కనబడుతుందని తడిగుడ్డతో తుడిచాను. మరకతో పాటు ముఖమూ లేచిపోయింది. లారీ అలాగే ఉంది. మనిషి మెడ దాకానే ఉన్నాడు.

ఆరు ఫోటోలే తిరిగిచ్చాను. ఏడోది ఏదని అడిగితే, “నువ్విచ్చినవి ఇవే” అన్నాను.

“యాడనో నేనే పోగొట్టింటాలే సారూ,” అన్నాడు తప్పు తన మీదే వేసుకుని.

ఎందుకన్నాను ఆ మాట? భయమా? అన్నీ తెలిసినవాడినన్న పేరు పోతుందనా? ఇప్పటికీ తెలియదు.

తర్వాత నాకు గుండె ఆపరేషన్ అయితే పదకొండు రోజులు ఆసుపత్రిలో నా పక్కనే ఉన్నాడు. అన్నం కలిపి పెట్టాడు. అతని చేతి ముద్ద మింగిన ప్రతిసారీ చెప్పేయాలనిపించేది. అంత ప్రేమగా చూస్తున్న మనిషికి ఎలా చెప్పను అని నాకు నేనే సాకు వెతుక్కునేవాణ్ణి. ఇవాళ బతికున్నానంటే అతని చలవే.

మొన్న బస్సెక్కి వెళ్లి, ఆ ఫోటో అతని చేతిలో పెట్టి, అంతా చెప్పాను. మగ్గానికి నూలు కండెలు చుడుతున్నవాడు ఆపేశాడు. ఫోటోను వెలుతురుకు తిప్పి చూశాడు. పోనీలే అనలేదు. అనమని నేనూ అడగలేదు.

“ఆ మొగం నా కండ్లకు ఎప్పుడూ సరిగా ఆనలే సారూ. అద్దం పెట్టి చూసినోడివి నువ్వొక్కడివే. ఎట్లుండె మా నాయన?”

చెప్పాను. ఎండకు చిట్లించిన కళ్లు. పల్చటి మీసం. నవ్వబోతున్నట్టు కుడిచెంప మీద ఒక గీత. గుర్తున్నంతే చెప్పాను, ఒక్క వెంట్రుక కూడా కల్పించలేదు.

“ఇంగోసారి సెప్పు,” అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి, అతని కళ్లలోకి చూస్తూ.